కన్నూ, కటకమూ

పక్షులను పరిశీలించడం ప్రారంభించినవారు తొలుత తక్కువ ధరకు దొరికే బైనాక్యులర్లతో సరిపెట్టుకుంటారు. రెండు మూడు శీతకాలాలు గడిచాక ఒక సందేహం తలెత్తుతుంది: ఇంతకన్న మేలైనవి కొనవలసి ఉందా? పైకి ఇది దుకాణంలో తేలిపోయే విషయం. దీని అడుగున మాత్రం పాత తాత్త్విక ప్రశ్న ఒకటి ఉంది. కనిపించకపోవడం పరికరం లోపమా, చూపు లోపమా?

పరికరాన్ని తక్కువగా అంచనా వేయడం న్యాయం కాదు. బైనాక్యులర్లు అందరికీ అందక ముందు పక్షిశాస్త్రం ప్రధానంగా తుపాకీపైనే ఆధారపడింది. పక్షి ఏదో నిర్ధారించాలంటే దానిని కొట్టి చేతిలోకి తీసుకోవలసిందే. సలీం అలీ (1896-1987) జీవితాన్ని పక్షులవైపు మళ్లించినది సైతం బాల్యంలో ఆయన ఎయిర్‌గన్‌తో కొట్టిన పసుపు గొంతు పిచ్చుకే. 1854లో ఇటలీకి చెందిన ఇగ్నాజియో పోరో రూపొందించిన పట్టకాల అమరిక, దాని ఆధారంగా 1894లో జర్మనీలో జైస్ సంస్థ తెచ్చిన బైనాక్యులర్లు ఆ అవసరాన్ని క్రమంగా తగ్గించాయి. హింస లేకుండా తెలుసుకొనే వీలు కల్పించడమే వీటి నైతిక విలువ. మొదటి జత ఎంత చవకదైనా ఆ విలువను అందిస్తుంది. రెండవ జత దానికి ఏమి చేర్చగలదు?

‘8 × 42’ అనే గుర్తులో మొదటి సంఖ్య ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో, రెండవది ముందు కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో తెలుపుతుంది. రెండవదానిని మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు వస్తుంది. ఇక్కడ అది 5.25 మిల్లీమీటర్లు. అదే కటకంతో పది రెట్లకు వెళితే 4.2కు తగ్గుతుంది. చేతి వణుకు ఎక్కువగా తెలుస్తుంది. సాధారణంగా దృశ్యపరిధీ కుంచించుకుపోతుంది. కాబట్టి పెద్ద సంఖ్య పెద్ద చూపు కాదు. మేలైన గాజు, మేలైన పూత ఇచ్చే లాభం వేరు: సంజవేళ రంగులు తేటపడతాయి, అంచులు స్పష్టమవుతాయి. పులికాట్ బురదనేలల్లో ఒక ఉల్లంకి జాతికీ మరొకదానికీ భేదం కాలి రంగులోనో ముక్కు వంపులోనో ఉన్నప్పుడు ఆ స్పష్టత విలాసం కాదు.

అయితే కడప జిల్లా కలివికోడి మరో సంగతి గుర్తుచేస్తుంది. 1900 తరువాత ఎవరికీ ఆనవాలు దొరకక, అంతరించిందనుకున్న ఆ నిశాచర పక్షి 1986 జనవరిలో మళ్లీ వెలుగు చూసింది. పట్టి తెచ్చినది ఒక స్థానిక వేటగాడు. అతనికి తోడ్పడినవి విలువైన కటకాలు కావు. టార్చి వెలుగూ, ఆ ముళ్లపొదల పరిచయమూ. కాని పట్టుబడిన పక్షి బతకలేదు. పరిచయం లేని పరికరం ఎక్కడ చూడాలో ఎరుగదు. పరికరం లేని పరిచయం కొన్నిసార్లు చేయి చాచక తప్పని స్థితికి తెస్తుంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ తనంతట తాను చాలదు.

అపరిగ్రహమంటే ఏమీ లేకుండా ఉండడం కాదు. అవసరాన్ని మించినదానిని పట్టుకొని ఉండకపోవడం. ఆ అవసరం ఎంతో తేల్చుకోవడానికి నిజాయితీ గల దారి ఒకటుంది. ఒక ఋతువు పొడవునా, గుర్తించలేకపోయిన ప్రతి పక్షి ఎదుటా కారణం రాసుకోవాలి: వెలుతురు చాలలేదా, బొమ్మ మసకబారిందా, లేక ఓపిక పట్టలేదా, కూత తెలియదా, తెల్లవారుజామున లేవలేదా? మొదటి రెండు కారణాలే ఎక్కువైతే కొత్త జత కొనడంలో తప్పు లేదు. గొట్టాల అమరిక చెడి తలనొప్పి తెస్తుంటే ఆలస్యం కూడా తగదు. మిగిలినవే ఎక్కువైతే దుకాణంలో దొరికే మందు లేదు.

కొన్నా, పాతది బాగున్నంతకాలం బీరువాలో ఉండిపోకూడదు. చెరువుగట్టున కొంగలను చేయి అడ్డం పెట్టుకొని చూసే పిల్లవాడికి అదే మొదటి జత అవుతుంది.