అటకమీది గూడు

(ధ్యానమునకు: ద్వితీయోపదేశకాండము 22:6–8)



కొన్ని సంవత్సరముల క్రిందట మా పెంకుటింటి అటకమీద ఉడత యొకటి చేరెను. మొదట పిల్లలకు అది వేడుకగా నుండెను. తరువాత బియ్యపు మూటకు చిల్లు పెట్టెను. కీర్తనల పుస్తకముల అట్టలు కొరికెను. కరెంటు తీగను సహితము కొరికివేసెను. నేను విసిగి, ఒక మధ్యాహ్నము అది బయటికి వెళ్లిన సమయము చూచి, చూరుక్రింది కంతను ఇటుక ముక్కలతోను సిమెంటుతోను మూసివేసితిని. పని తీరినదనుకొంటిని.

ఆ సాయంకాలము మొదలుకొని ఉడత ఆ కంతయొద్దనే అరచుచు, సిమెంటును గీరుచు తిరిగెను. మరునాడును అట్లే చేసెను. నేను లక్ష్యపెట్టక ఆదివారపు ప్రసంగము వ్రాసికొనుచుంటిని. మూడవ దినమున వాసన రాగా నిచ్చెన వేసి చూచితిని. కొబ్బరి పీచుతోను దూదితోను అల్లిన గూటిలో, కన్నులైన తెరవని మూడు పిల్లలు చచ్చియుండెను. నేను వ్రాసికొనుచుండిన ప్రసంగము దేవుని కనికరమును గూర్చినది.

“అయ్యగారూ, ఉడత పిల్లల కోసము ఇంత విచారమెందుకండీ? పిచ్చుకలకంటె మనము శ్రేష్ఠులమని ప్రభువే చెప్పెను గదా” అని మా సంఘపెద్ద యొకరు నన్ను ఓదార్చిరి. ఆ మాట నిజమే (మత్తయి 10:31). గాని దానికి ముందే ప్రభువు, ఒక్క పిచ్చుక నేల కూలినను తండ్రి యెరుగునని బోధించెను. మనము ఎక్కువ విలువగలవారమనగా, వాటికి విలువ లేదని అర్థము కాదు.

అయితే ఇల్లు మనది కాదా? మనదే. పైని వాక్యభాగమును చూడుడి. గూటిలోని పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని పోనియ్యవలెనని ధర్మశాస్త్రము హద్దు నియమించుచున్నది. వెంటనే తరువాతి వచనము, క్రొత్త యిల్లు కట్టువాడు ఎవరును పడి చావకుండునట్లు పిట్టగోడ కట్టవలెనని చెప్పుచున్నది. కనికరమును ముందుచూపును ఒకే చోట నున్నవి. తొలగించు హక్కు మనకున్నది; ఎట్లైనను తొలగించు హక్కు లేదు. నా తప్పు ద్వేషము కాదు, తొందర. మూయకముందు నేను లోపల చూడలేదు.

కాబట్టి ఇప్పుడు మేము చేయు విధము చెప్పుచున్నాను. ఉడత పగలు తిరుగును, రాత్రి గూటిలో నిద్రించును. పగటివేళ అటకమీద దీపముతో వెదకుదుము. పిల్లలున్నయెడల అవి పెరిగి తమంతట తాము బయట తిరుగువరకు కొన్ని వారములు ఓర్చుకొందుము. ధాన్యమును మూతగల డబ్బాలలో ఉంచుదుము. పిల్లలు లేనియెడల కంతలో కాగితపు ఉండ పెట్టుదుము. రెండు మూడు దినములు అది కదలకున్నయెడల లోపల ఏదియు లేదని తెలిసికొని, ఇనుప జల్లెడతో కంత మూయుదుము. కప్పుమీదికి వంగిన కొమ్మలు నరుకుదుము. గదిలో దూరినచో లోపలి తలుపులు మూసి, ఒక్క కిటికీ తెరచి, ఊరక నిలిచిన చాలును. వెలుగును చూచి అది తానే పోవును. విషము పెట్టము, దానిని తిని చచ్చినదానిని పిల్లి తినినయెడల అదియు చావవచ్చును. జిగురు అట్టలును పెట్టము. అవి చంపుటకు ముందు బహుగా బాధించును.

ఇట్టి కనికరము మనుష్యులయెడల ప్రేమను తగ్గించునని కొందరందురు. 1824లో లండనులో జంతువులపై క్రూరత్వమును మాన్పుటకు ఒక సంఘము ఏర్పడెను. ఆర్థర్ బ్రూమ్ అను పాదిరిగారు దానికి పూనుకొనిరి. బానిస వ్యాపారమును మాన్పుటకు పోరాడిన విల్బర్‌ఫోర్సుగారును ఆ మొదటి సభ్యులలో నుండిరి. ఆయన హృదయములో రెండింటికిని చోటుండెను. అయితే ఉడతను కాపాడి, కూలివాని కూలి బిగపట్టువాని కనికరము వట్టిది (యాకోబు 5:4).

సహోదరులారా, లోపల ఎవరున్నారో చూడక మనము మూసిన తలుపులు ఎన్ని! అద్దె ఇయ్యలేని విధవరాలికి, ఇల్లు విడిచి తిరిగివచ్చిన కుమారునికి, విసుగులో మనము తలుపు మూయలేదా? బయట గీరుచున్న చప్పుడు విని కూడ మన పని మనము చేసికొనలేదా?

ప్రభువా, మూయకముందు చూచు కన్నులను, చప్పుడు వినినప్పుడు లేచు మనస్సును మాకు దయచేయుము. ఆమేన్.