వినుటయు విధేయతయే
ధ్యానభాగము: సామెతలు 18:13

ప్రియులారా, సంగతి ఆలకింపకయే ఉత్తరమిచ్చువానిని జ్ఞాని గద్దించెను. 1998లో లాంబెత్ మహాసభయందు ఆంగ్లికన్ బిషప్పులు స్వలింగ సంపర్కము లేఖనానుసారము కాదని తీర్మానించిరి. ఆ తీర్మానమందే స్వలింగాసక్తుల అనుభవములను ఆలకింతుమనియు మాట యిచ్చిరి. మన దక్షిణ ఇండియా సంఘమును ఆ సహవాసములోనిదే. మొదటి మాటను కంఠస్థము చేసితిమి, రెండవదానిని మరచితిమి.

2018లో సుప్రీంకోర్టు వయోజనుల పరస్పర సమ్మతిగల స్వలింగ సంబంధము నేరము కాదనెను. అయినను మన ఆరాధనలో మన ప్రక్కనే కూర్చుండి, నోరు విప్ప వెరచువారు నేడును గలరు.

సమానత్వము కోరువారితో సంభాషించుట విశ్వాసమును విడుచుట కాదు. బావియొద్ద ప్రభువు సమరయ స్త్రీని మొదట దాహమడిగెను. పిమ్మటనే ఆమె బ్రదుకును గూర్చి మాటలాడెను.

ప్రార్థన: ప్రభువా, మా తొందరపాటును మాన్పి, ఆలకించు చెవిని దయచేయుము. ఆమేన్.