చెవి సాక్ష్యం – యంత్ర ప్రమాణం: శ్రవణ పరికరాల విలువ నిర్ణయంలో ప్రామాణ్య విచారం

ఒక ఆంప్లిఫయరు గాని, స్పీకరు గాని మంచిదని ఎలా తేల్చాలి? యంత్రంతో కొలిచి తేల్చాలని ఒక పక్షం, చెవితో విని తేల్చాలని మరొక పక్షం చాలాకాలంగా వాదిస్తున్నాయి. పైకి ఇది వస్తువుల కొనుగోలుకు సంబంధించిన తగవుగా కనిపించినా, దీని మూలంలో ఉన్నది ప్రామాణ్య సమస్య. ఒకరి అనుభవాన్ని మరొకరు ఎంతవరకు నమ్మాలి, ఎప్పుడు పరీక్షకు పెట్టాలి అన్నది నైతిక సమస్య కూడా. ఓడరేవు, ఉక్కు కర్మాగారం గల విశాఖపట్నంలో, ధ్వని అటు కళగాను ఇటు వృత్తి ప్రమాదంగాను ఉన్న చోట, ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువు ఉంది. భారతీయ ప్రమాణశాస్త్ర పరిభాష ఈ వివాదాన్ని ఎంతవరకు విడదీయగలదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్వతః ప్రామాణ్యం, పరతః ప్రామాణ్యం:

జ్ఞానం పుట్టినప్పుడే దాని ప్రామాణ్యమూ దానితోపాటే వస్తుందని మీమాంసకులు అన్నారు. ప్రామాణ్యాన్ని వేరొక ఆధారంతో నిర్ధారించుకోవాలని నైయాయికులు అన్నారు. "నేను విన్నాను, అది చాలు" అనే శ్రోత మొదటి పక్షానికి, "మీటరు ఏం చెబుతోంది?" అని అడిగే ఇంజనీరు రెండో పక్షానికి దగ్గరగా కనిపిస్తారు. అయితే ఈ పోలికను ఇక్కడితో ఆపడం మీమాంసకు అన్యాయం. కలిగిన జ్ఞానానికి విరుద్ధమైన బాధకజ్ఞానం వచ్చినా, ఆ జ్ఞానాన్ని కలిగించిన కరణంలో దోషం బయటపడినా ఆ ప్రామాణ్యం తొలగిపోతుందని మీమాంసకులు కూడా అంగీకరించారు. కనుక చెవిని నమ్మడమా, మానడమా అన్నది అసలు ప్రశ్న కాదు. విన్న సందర్భంలో కరణదోషం ఉందా లేదా అన్నదే ప్రశ్న.

వినికిడిలోని కరణదోషాలు:

ఈ దోషాలు సుపరిచితాలే. రెండు పరికరాల్లో ఒకటి రవ్వంత బిగ్గరగా మోగితే, శ్రోత దాన్ని "బిగ్గర" అనడు, "స్పష్టం" అంటాడు. అందుకే పోల్చే ముందు రెండింటి ధ్వనిస్థాయినీ సమం చేయాలి. రెండో దోషం పేరు, ధర, రూపం తెలిసి ఉండటం. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ స్పీకర్లను కనిపించేలా ఉంచీ, తెర వెనుక ఉంచీ శ్రోతలకు వినిపించారు. చూస్తూ విన్నప్పుడు ఇచ్చిన మార్కులకూ, చూడకుండా విన్నప్పుడు ఇచ్చిన మార్కులకూ గణనీయమైన తేడా వచ్చింది.

వాద్యాల విషయంలోనూ ఇదే జరిగింది. 2010లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో 21 మంది వయొలిన్ విద్వాంసులకు, వెల్డర్లు వాడే రకం కళ్ళద్దాలు మార్చి తొడిగి, ఆరు వయొలిన్లు ఇచ్చారు. వాటిలో మూడు కొత్తవి. మిగిలిన మూడింటిలో రెండు స్ట్రాడివరీ చేసినవి, ఒకటి గ్వార్నేరీ చేసినది. 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం ఎక్కువ మంది మెచ్చినది ఒక కొత్త వాద్యం; అందరికంటే తక్కువ ఆదరణ పొందినది ఒక స్ట్రాడివరీ. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ ప్రయోగంలో ఏ యంత్రమూ తీర్పు చెప్పలేదు. తీర్పు విద్వాంసులదే. ప్రయోగం తొలగించింది పేరు కలిగించే సంస్కారాన్ని మాత్రమే.

కొలతలోని చెవి:

యంత్రపక్షం కూడా నిర్దోషం కాదు. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లు వచ్చిన కొత్తలో వాటి హార్మోనిక్ డిస్టార్షన్ అంకె చాలా తక్కువగా ఉండేది. అయినా వాటి ధ్వని కర్కశంగా ఉందని శ్రోతలు ఫిర్యాదు చేశారు. 1970లో ఫిన్లండ్ ఇంజనీరు మట్టి ఒటాలా ఆనాటి కొలతకు అందని ఒక వికృతిని వివరించాడు. ఆ అంకెలో మరో లోపమూ ఉంది. అది అన్ని హార్మోనిక్‌లనూ కలిపి కూడుతుంది. చెవి అలా కూడదు. మూలస్వరానికి దగ్గరగా ఉన్న హార్మోనిక్ దానిలో మరుగున పడుతుంది, దూరంగా ఉన్నది గుచ్చుకుంటుంది. అంటే యంత్రం తప్పు కొలవలేదు, అడగవలసిన ప్రశ్న అడగలేదు. ఆ ప్రశ్నను అందించింది శ్రోతల ఫిర్యాదు.

మరింత లోతుకు వెళితే, కొలతలోనే చెవి దాగి ఉంది. విశాఖ ఓడరేవు ప్రారంభమైన 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు, వేర్వేరు పౌనఃపున్యాల్లో ధ్వనులు ఎప్పుడు సమానంగా వినిపిస్తున్నాయో శ్రోతలను అడిగి రేఖలు గీశారు. కర్మాగారాల్లో వాడే ధ్వనిమాపకంలోని 'ఏ' తూకానికి అలాంటి రేఖలే ఆధారం. ఆ తూకం 100 హెర్ట్జ్ వద్ద దాదాపు 19 డెసిబెల్ తగ్గించి చూపుతుంది. మీటరు ముల్లు వెనుక ఉన్నది ఒకనాటి శ్రోతల సాక్ష్యమే.

ఉక్కు నగరంలో ఈ విచారానికి ఫలితం:

మన దేశంలో కర్మాగారాలకు రోజుకు 8 గంటల పనికి 90 డెసిబెల్ పరిమితి. మీటరు అంతకు తక్కువ చూపినంత మాత్రాన ఏ ఒక్క కార్మికుడి చెవీ క్షేమమని తేలదు. ఆ పరిమితి సమూహానికి సంబంధించినది. రొద వల్ల కలిగే వినికిడి లోపం సాధారణంగా 4000 హెర్ట్జ్ ప్రాంతంలో మొదలవుతుంది. అప్పుడు అచ్చులు వినిపిస్తూనే ఉంటాయి. స, ష వంటి ఊష్మాలు జారిపోతాయి. "మాట వినబడుతోంది గానీ తెలియడం లేదు" అని కార్మికుడు అంటే అది సాకు కాదు, ఆ లోపానికి సరైన వర్ణన. దాన్ని నిర్ధారించే ఆడియోమీటరు పరీక్ష కూడా, స్వరం వినిపించినప్పుడు రోగి వేలెత్తడం మీదనే నడుస్తుంది. సాక్ష్యాన్ని కొట్టివేయకుండా, పద్ధతిలో పెట్టి స్వీకరించడం ఎలాగో ఈ పరీక్ష చూపుతుంది.

లక్ష్యమూ లక్షణమూ:

మన సంప్రదాయానికి ఇది కొత్త కాదు. నాట్యశాస్త్రంలో భరతుడు సమానమైన రెండు వీణలతో చేసిన శ్రుతి ప్రయోగాన్ని వర్ణించాడు. ఒకదాన్ని మార్చకుండా ఉంచి, రెండోదాన్ని నాలుగు విడతలుగా దించుతూ, స్వరాలు ఎక్కడ ఒకదానిలో ఒకటి లీనమవుతాయో చెవితో గుర్తించాలి. తగ్గించే తొలి పరిమాణానికి ఆయన పెట్టిన పేరు ప్రమాణశ్రుతి. ఇక్కడ నిర్ణేత చెవే. కాని స్థిరంగా ఉన్న వీణ పక్కన ఉండటం వల్ల ఆ చెవి తన ఇష్టాన్ని నిర్ణయంగా చెప్పలేదు. బొబ్బిలి వీణకు ప్రసిద్ధమైన గొల్లపల్లిలో మైనం మీద మెట్లు నిలిపి మేళం కట్టేదీ చెవితోనే. బాల్యంలో విశాఖలో చదువుకున్న సి.వి. రామన్, మృదంగంలో కరణి వల్ల చర్మం అనుస్వరాలు హార్మోనిక్‌లవుతాయని 1920లో చూపాడు. వాద్యకారుల చెవి అంతకు ఎన్నో తరాల ముందే ఆ లక్ష్యాన్ని సాధించింది. లక్షణం తర్వాత వచ్చింది.

మూడు వాక్యాలు:

వివాదం తెగకపోవడానికి కారణం మూడు భిన్న వాక్యాలను ఒకటిగా భావించడం. "నాకు ఇలా వినిపించింది" అన్నది మొదటిది. దీన్ని కాదనే అధికారం ఎవరికీ లేదు. "ఈ రెండు పరికరాల ధ్వనిలో భేదం ఉంది" అన్నది రెండోది. ఇది వస్తువు గురించిన వాక్యం కనుక స్థాయి సమం చేసి, పేరు దాచి చేసే పరీక్షకు లోబడాలి. "ఇది దానికంటే మేలైనది" అన్నది మూడోది. భేదం రుజువైన తరువాత కూడా ఇది సహృదయుని విమర్శకే చెందుతుంది. మొదటి వాక్యం చెప్పినవాణ్ణి అబద్ధికుడనడం అన్యాయం. ఆ వాక్యాన్ని రెండోదానికి రుజువుగా చూపి ఖరీదైన తీగలు అమ్మడం అంతకంటే పెద్ద అన్యాయం. విషయం ఎరిగి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలనుకునేవాడే ఆప్తుడని న్యాయశాస్త్ర భావన. పరీక్షకు సిద్ధపడని విక్రేత ఆ అర్హతను తానే వదులుకుంటున్నాడు.

ఇది సాహిత్య పరిశోధకులకు పరాయి విషయం కాదు. యతిప్రాసలను లెక్కించవచ్చు, పద్యం రసవంతమని లెక్క చెప్పదు. అయినా రచయిత పేరు చదువరి తీర్పును వంచగలదు. పరిశోధన పత్రికలు రచయిత పేరు దాచి వ్యాసాన్ని పరిశీలకునికి పంపడం అందుకే. అక్కడ దాచేది పేరును మాత్రమే. చదివి తేల్చే బాధ్యత పరిశీలకునిదే. శ్రవణ పరికరాల విషయంలోనూ శ్రోత స్థానం అదే కావాలి.