రుచి చూడటం పాపమా?



"పండుగనాడు ఒక గ్లాసు బీరు రుచి చూస్తే పాపమా, ఫాదర్?" అని విచారణల్లో యువకులు గురువులను అడుగుతుంటారు. కొందరు నవ్వులాటకు అడిగితే, కొందరు నిజంగా తెలుసుకోగోరి అడుగుతారు. "పాపమే" అని ఒక్క మాటతో నోరు మూయిస్తే ప్రశ్న పోదు, మన దగ్గరికి రావడం మాత్రం మానేస్తుంది. కాబట్టి ఆలోచిద్దాం.

అనంతపురం సీమనుండి ఎందరో బిడ్డలు బతుకుతెరువుకు బెంగళూరు వెళ్తున్నారు. అక్కడ బీరును అక్కడే తయారుచేసి అమ్మే దుకాణాలు 2010 తర్వాత చాలా వెలిశాయి. బీరు రుచులు ఎరిగినవారు గొప్పగా చెప్పుకొనే రకం ఒకటుంది, దాని పేరు బార్లీ వైన్. పేరులో వైన్ ఉన్నా అందులో ద్రాక్ష ఉండదు. ఇంగ్లండు దేశపు బీరు అది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజలు ఎక్కువగా వేసి, చిక్కని తీపి రసం తీసి పులియబెడతారు. మామూలు బీరులో మద్యసారం సుమారు 5 శాతముంటే ఇందులో 8 నుండి 12 శాతం దాకా ఉంటుంది. కొందరు దానిని, అంతకుముందు విస్కీ నిలవచేసిన ఓక్ చెక్క పీపాలలో నెలల తరబడి ఉంచుతారు. అప్పుడు ముదురు బెల్లం పాకం, ఎండు ఖర్జూరం, చెక్క వాసన కలిసిన రుచి వస్తుందట. చిన్న గ్లాసులో పోసుకొని గుక్కెడు గుక్కెడుగా, నిదానంగా తాగుతారు.

రుచి దేవుడిచ్చిన వరమే. గింజను చేసినవాడే నాలుకనూ చేశాడు. కానా పెండ్లిలో నీరు ద్రాక్షారసమైనప్పుడు విందు పెద్ద దానిని రుచి చూసి, మేలైనదని మెచ్చుకున్నాడని యోహానుగారు వ్రాశారు. 6వ శతాబ్దంలో పునీత బెనెడిక్టుగారు తన మఠవాసులకు రోజుకింత ద్రాక్షారసమని కొలత పెట్టారు. పూర్తిగా మానగలిగినవారికి దేవుడు ప్రత్యేక బహుమానం ఇస్తాడని కూడా చెప్పారు. బెల్జియంలోని షిమే మఠంలో ట్రాపిస్టు సన్యాసులు 1862లోనే బీరు తయారీ మొదలుపెట్టారు.

పునీత తోమాసు అక్వినాసుగారు ఈ విషయాన్ని చక్కగా విడదీసి చెప్పారు. తాగేది దానంతట అది పాపం కాదు. అయితే నాలుగు సందర్భాలలో తప్పవుతుంది: కొద్దిపాటికే చెడిపోయే స్వభావం ఉన్నవాడు తాగితే, తాగనని మ్రొక్కుకున్నవాడు తాగితే, కొలత మీరితే, చూసిన ఇతరులు దానివల్ల తొట్రుపడితే. డబ్లిన్ నగరపు కూలీ మాట్ టాల్బట్ మొదటి రకం మనిషి. 1884లో, 28వ ఏట, మద్యం మానతానని ప్రమాణం చేసి 1925లో చనిపోయేదాకా మళ్లీ ముట్టలేదు. అలాంటివారికి "ఒక్క గుక్కే కదా" అనే మాట స్నేహితుని మాట కాదు.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. అనంతపురంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ అదనుకు రాదు. వేరుసెనగ ఎండుతుంది, బోరు ఎండుతుంది, మద్యం దుకాణం మాత్రం ఎండదు. సాయంత్రం కూలిడబ్బుతో క్వార్టర్ సీసా కొన్నవాడు దానిని రుచి చూడడు. ముక్కు మూసుకొని గొంతులో పోసుకుంటాడు. అప్పును, అలసటను మరచిపోవడానికి తాగుతాడు. మత్తు మొదలైన చోట రుచి చచ్చిపోతుంది. అతనికి "మితంగా తాగు నాయనా" అని చెప్పడం సులభం. ఆ అప్పులో, ఆ అలసటలో ఎవరు తోడు నిలుస్తారన్నది కష్టమైన ప్రశ్న.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన తల్లులు వాళ్లు. రుచి చూడటం పాపమా అని వాళ్లు వాదించలేదు, ఇంటికి రావలసిన కూలి ఎటు పోతోందని అడిగారు. ఆ ప్రశ్న రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. చట్టం సడలినా తల్లులు అడిగిన ప్రశ్న సడలలేదు.

పునీత పౌలుగారు కొరింతు సంఘాన్ని మందలించింది కూడా ఇందుకే. ప్రభువు భోజనానికి కూడినచోట ఒకడు ఆకలితో ఉండగా మరొకడు మత్తుగా ఉన్నాడు. బెంగళూరులో చిన్న గ్లాసు పట్టుకున్న బిడ్డ కొలత మీరకపోవచ్చు. కాని ఒక లీటరు బీరుకు ఎన్నో లీటర్ల నీళ్లు ఖర్చవుతాయి. అతని ఊళ్లో తల్లి బిందెతో ట్యాంకరు కోసం నిలబడి ఉంటే, ఆ గ్లాసు ధర ఆమె వారం ఖర్చయితే, కొలత గ్లాసుతోనే చూడాలా? ఏ కొద్దిపాటి మద్యమైనా ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన మాటనూ మరువరాదు.

సిలువ దగ్గర చేదు కలిపిన ద్రాక్షారసం అందించినప్పుడు క్రీస్తు ప్రభువు రుచి చూసి, తాగడానికి ఒప్పుకోలేదని మత్తయిగారు వ్రాశారు. కానాలో విందుకు రసమిచ్చిన ప్రభువే, బాధను మరపించే రసాన్ని ఇక్కడ కాదన్నాడు. పుచ్చుకోవడానికీ మానడానికీ రెండింటికీ స్వేచ్ఛ ఉన్నవాడే మితం తెలిసినవాడు.

కాబట్టి యువకులారా, గ్లాసు ఎత్తేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. దీనిని నేను కాదనగలనా? దీనివల్ల నా ఇంట్లో ఎవరికి తక్కువవుతోంది? నన్ను చూసి తొట్రుపడే తమ్ముడెవరైనా పక్కన ఉన్నాడా? తల్లిదండ్రులారా, పెండ్లి విందులలో మందు పోస్తేనే మర్యాద అనే మాటను మన ఇండ్లనుండి తీసివేద్దాం. ఈ తపస్సుకాలంలో మానిన గ్లాసు ధరను, నీళ్లు కొనుక్కుంటున్న పొరుగింటికి చేరవేద్దాం.