ఆటలకు మార్కులు

విద్యకు మార్కులు వేయుట మనకు క్రొత్త గాదు. హిమాయత్‌నగరమునుండి నారాయణగూడ వఱకు నడచినవారికి కళాశాలల గోడలపై విద్యార్థుల ముఖములకంటె వారి ర్యాంకుల అంకెలే పెద్దవిగా గానవచ్చును. సినిమాకు అయిదింట మూడుంబావు అని తూచి చెప్పుటయు పరిపాటి యైనది. ఇప్పుడు పిల్లలు, పెద్దలు గూడ ఆడుచున్న వీడియో గేములకును ఈ తూకము వచ్చినది. ఒక కళావస్తువును అంకెతో గొలుచుట ధర్మమేనా, ధర్మమైనచో నే కొలత మేలు అను ప్రశ్న ఆటగాండ్రకు మాత్రమే సంబంధించిన దని చదువరులు త్రోసిపుచ్చరాదు. నాలుగైదు వేల రూపాయలు పెట్టి గేమును ఇంటికి గొనితెచ్చువారు తల్లిదండ్రులే గదా.

ఈ కొలతలు పలువిధములు. జపానులో 1986లో వెలసిన ఫామిత్సు పత్రిక నలుగురు విమర్శకులచేత పదేసి మార్కులకు తీర్పు చెప్పించి, నాలుగంకెలను ప్రక్కప్రక్కన ముద్రించి, మొత్తము 40కి లెక్కగట్టును. 1998లో జెల్డా వరుసలోని ‘ఒకారినా ఆఫ్ టైమ్’ మొదటిసారిగా 40కి 40 పొందినది. ఈ పద్ధతిలో నొక సుగుణము గలదు. ఒకరు 9 వేసినచోట వేఱొకరు 6 వేసినచో ఆ భేదము దాగదు. 2001లో అమెరికాలో వెలసిన మెటాక్రిటిక్ దీనికి విరుద్ధము. అది పెక్కు పత్రికల తీర్పులను 100కి మార్చి, కొన్నింటికి ఎక్కువ బరువును, కొన్నింటికి తక్కువ బరువును ఇచ్చి సగటు తీయును. ఏ పత్రిక కెంత బరువో వెల్లడింపదు. మెచ్చినవారును మెచ్చనివారును ఒక్క అంకెలో కరగిపోవుదురు.

అంకె అన్నియెడల నొకే భాష మాటలాడు నని తలంచుట పొరపాటు. మన పాఠశాలలలో 35 వచ్చిన పిల్లవాడు గట్టెక్కును. గేముల లోకమున 65 వచ్చినది మునిగినట్లే యెంచబడును. మెటాక్రిటిక్‌లోనే 70 వచ్చిన సినిమాకు మెప్పును దెలుపు పచ్చరంగు, 70 వచ్చిన గేముకు మిశ్రమాభిప్రాయమును దెలుపు పసుపురంగు వేయుదురు. ఒకే యింటిలో ఒకే అంకెకు రెండర్థము లున్నప్పుడు, 84కును 85కును గల భేదమును ఏ త్రాసు తూచగలదు?

తూచలేని ఆ భేదముపైననే పనివారి ప్రతిఫల మాధారపడిన సందర్భము గలదు. 2010లో వెలువడిన ‘ఫాలౌట్: న్యూ వేగాస్’ గేమును నిర్మించిన అబ్సిడియన్ సంస్థకు మెటాక్రిటిక్‌లో 85 వచ్చినచో అదనపు సొమ్ము ముట్టు నని ఒడంబడిక. వచ్చినది 84. సొమ్ము రాలేదు. ఈ సంగతిని సంస్థ స్థాపకులలో నొకరగు క్రిస్ అవెలోన్ 2012లో వెల్లడించిరి. విమర్శకులు తమ రుచి చెప్పిరి, అంతే. రుచి చెప్పిన మాట జీతపు లెక్కగా మారుట విమర్శకుని దోషము గాదు, ఒడంబడిక వ్రాసినవారి దోషము. కాని తన అంకె యెచ్చటికి బోవునో యెఱిగిన పిమ్మట విమర్శకుడు దానిని తేలికగా విసరరాదు. 2024లో భారతీయ గేము నిర్మాతల సదస్సు మన హైదరాబాదులోనే జరిగినది. ఈ వృత్తిలో మన యువతీయువకులును ఉన్నారు. కావున నిది పరదేశపు ముచ్చట గాదు.

అంకెనే తీసివేసిన మేలు గాదా యని కొంద ఱందురు. ఇంగ్లండులోని యూరోగేమర్ 2015లో మార్కులు మాని, తప్పనిసరి, మెచ్చదగినది, విడువదగినది అను భావమిచ్చు మాటలతో సరిపెట్టినది. 2023లో మరల అయిదు నక్షత్రములకు వచ్చినది. ఈ మరలుటను మేము ఓటమిగా నెంచము. ఆబిడ్స్ కాలిబాటపై ఆదివారము పుస్తకము గొనువారు పది పుటలు తిరుగవేసి నిర్ణయించుకొందురు. నలువది గంటల గేము నిట్లు తిరుగవేయుట సాధ్యము గాదు. పనిపాటలు గల గృహిణికి, గృహస్థునకు దీర్ఘవిమర్శ చదువు తీరిక యెల్లప్పుడు నుండదు. వారికి క్లుప్తముగా నొక మాట చెప్పుట ఉపకారమే.

స్టీమ్ అను అంగడిలో ఆడినవారు మెచ్చితిమి, మెచ్చలేదు అని మాత్రమే చెప్పుదురు. అచ్చటి నూటికి 90 గుణమునకు మార్కు గాదు; నూర్గురిలో తొంబదిమంది మెచ్చి రని యర్థము. అందఱును కొద్దిగా మెచ్చిన సాధారణపు గేముకు 95 రావచ్చును. కొందఱిని కదలించి కొందఱిని విసిగించిన గొప్ప గేముకు 70 రావచ్చును. అంకె ఏ ప్రశ్నకు బదులో తెలిసినచో నిజము చెప్పును. తెలియనిచో అదే అంకె మోసపుచ్చును.

కావున మా అభిప్రాయ మిది. అయిదు మెట్లకు మించిన కొలత వలదు. 83 వేసిన విమర్శకుడే నెల గడచిన పిమ్మట 86 వేయవచ్చును గదా. ప్రతి మెట్టునకు అర్థమును మాటలలో ముందే చెప్పవలయును. గేము ఎవరికి తగునో, ఎంత కాలము పట్టునో, కొన్న పిమ్మట లోపల మరల సొమ్ము అడుగునో లేదో అంకె ప్రక్కనే వ్రాయవలయును. అమెరికాలో 1994లో ఏర్పడిన ఈఎస్‌ఆర్‌బీ వేయు వయస్సు గుర్తు గేము బాగున్నదా యని చెప్పదు. ఏ వయసువారికి తగునో చెప్పును. ఒక్క ప్రశ్నకు బదులు చెప్పుటయే దాని బలము. ఇక సగటుపై ఏ పనివాని ప్రతిఫలమును కట్టరాదు.

చదువరులకు గూడ నొక విధి గలదు. ‘దీనికి తొమ్మిది వచ్చినది’ అని పిల్లవాడు గేము అడిగినపుడు, ఎవరు వేసిరి, దేనిని జూచి వేసిరి, ఎందుకు వేసిరి అని అడుగుడు. ఈ మూడు ప్రశ్నలు నేర్చిన పిల్లవాడు రేపు తన మార్కుల కాగితమును జూచినప్పుడును అవియే యడుగును. అడుగనిండు.