మనం గెలిచాం అనే హక్కు

'మనం గెలిచాం' అని నేను ఏ హక్కుతో అంటున్నాను? హ్యూస్టన్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ జట్టు గెలిచిన ప్రతిసారీ ఈ ప్రశ్న నన్ను పట్టుకుంటుంది. నేను ఆ జట్టులో ఆడలేదు. ఆ ఊళ్ళో పుట్టలేదు. ఎం.ఎస్. చదవడానికి హైదరాబాద్ నుంచి వెళ్ళి, పట్టా పుచ్చుకుని, ఉద్యోగం చూసుకున్న వేలమంది తెలుగు పిల్లల్లో ఒకణ్ణి, అంతే. అయినా టీవీలో ఆ ఎర్ర జెర్సీలు కనబడగానే చేస్తున్న పని పక్కన పెట్టేస్తాను. ఈ గర్వంలో నిజమెంత, స్వార్థమెంత, ఎవరో నాలో నాటిందెంత? నాకు నేను తేల్చుకోవాలనే ఇది రాస్తున్నాను.

ముందు ఆ విశ్వవిద్యాలయం ఎలాంటిదో చెప్పాలి. 1927లో జూనియర్ కాలేజీగా, ఒక హైస్కూలు భవనంలో సాయంత్రం తరగతులతో మొదలైంది. పగలంతా పనిచేసుకునే వాళ్ళు రాత్రికి చదువుకునే చోటు అది. 1934లో విశ్వవిద్యాలయమైంది, 1963లో టెక్సస్ ప్రభుత్వ సంస్థల్లో చేరింది. డౌన్‌టౌన్‌కు దగ్గర్లో, ఫ్రీవేల పక్కన ఉంటుంది. చాలాకాలం అక్కడి విద్యార్థి దినచర్య ఒకటే: కారు ఆపడం, క్లాసు వినడం, మళ్ళీ కారెక్కి ఉద్యోగానికి పోవడం. ఊళ్ళో స్కూళ్ళ పిల్లలే ఎక్కువగా చేరతారని, అది కాలేజీ కాదు, జట్టు పేరు కూగర్స్ మీద 'కూగర్ హై' అనే హైస్కూలని ఎగతాళి చేసేవారు. నేనూ వెళ్ళిపోవడానికే వచ్చిన బాపతు. ఫీజు అందుబాటులో ఉంది, ఊళ్ళో ఉద్యోగాలున్నాయి, సీనియర్లు ఉన్నారు. చేరడానికి నా కారణాలు ఇవే. ప్రేమ అందులో లేదు.

ఆ క్యాంపస్‌కు గొప్ప ఆటల చరిత్ర ఉందని నాకు తర్వాత తెలిసింది. కోచ్ గై లూయిస్ 1964లో ఎల్విన్ హేస్, డాన్ చేనీ అనే ఇద్దరు నల్లజాతి కుర్రాళ్ళను జట్టులోకి తెచ్చాడు. దక్షిణాదిలో వర్ణవివక్ష ఇంకా వేళ్ళూనుకుని ఉన్న రోజులవి. 1968 జనవరి 20న ఆస్ట్రోడోమ్‌లో, వరుసగా 47 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన యూసీఎల్ఏ జట్టును 71-69తో ఓడించారు. ఆ రోజు చూడవచ్చినవాళ్ళు 52,693 మంది. 1980లలో నైజీరియా నుంచి వచ్చిన హకీమ్ ఒలాజువాన్, ఆ ఊరి కుర్రాడే అయిన క్లైడ్ డ్రెక్స్‌లర్ ఆడారు. 1982 నుంచి 1984 వరకు మూడేళ్ళూ జాతీయ పోటీలో సెమీఫైనల్ దశ అయిన ఫైనల్ ఫోర్‌కు చేరారు. 1983 ఫైనల్లో చివరి క్షణంలో 54-52తో ఓడారు. కప్పు మాత్రం రాలేదు.

ఇంత చరిత్ర ఉన్నా జనం నిలవలేదు. 1996లో హ్యూస్టన్ ఆడే పాత లీగ్ సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ రద్దయినప్పుడు టెక్సస్‌లోని నాలుగు విశ్వవిద్యాలయాలు కొత్త లీగ్ బిగ్ 12లోకి వెళ్ళిపోయాయి. హ్యూస్టన్ బయట మిగిలింది. పెద్ద ప్రత్యర్థులు రావడం మానేశారు, గెలుపులు తగ్గాయి, సీట్లు ఖాళీ అయ్యాయి. 1993 నుంచి 2017 వరకు జాతీయ స్థాయి ఎన్‌సీఏఏ టోర్నమెంటులో ఆ జట్టు కనిపించింది ఒక్కసారే, 2010లో. గతవైభవం గోడమీద ఫొటోలుగా ఉంటుందే గానీ, శనివారం సాయంత్రం ఒక విద్యార్థిని గదిలోంచి లేపి మ్యాచ్‌కు తీసుకురాలేదు.

నేను 2017లో చేరాను, హార్వీ తుపాను ఊరిని ముంచిన ఏడాది. పాత ఇండోర్ స్టేడియం హాఫ్‌హైంజ్ పెవిలియన్‌ను అప్పటికే పునర్నిర్మాణం కోసం మూసేశారు. ఆ సీజన్ మ్యాచ్‌లు పక్కనే ఉన్న టెక్సస్ సదరన్ విశ్వవిద్యాలయం జిమ్‌లో జరిగాయి. నేను మొదటిసారి వెళ్ళింది ఆట మీద మోజుతో కాదు. విద్యార్థులకు టికెట్ ఉచితం. వారాంతం అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఇల్లు గుర్తొస్తుంది. వారానికి 20 గంటల క్యాంపస్ ఉద్యోగం, మిగతా వేళ అసైన్‌మెంట్లు, ఈ రెంటి మధ్యా నాతో మాట్లాడేవాళ్ళు చాలా తక్కువ. పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన ఫౌల్ అంటే ఏమిటో, ఎందుకు ఇచ్చారో ఓపిగ్గా చెప్పాడు. 'హూజ్ హౌస్?' అని ఒక వైపు అరిస్తే, 'కూగ్స్ హౌస్!' అని అందరూ బదులిచ్చారు. నేనూ అరిచాను. అమెరికా వెళ్ళాక గొంతెత్తి మాట్లాడింది అదే మొదటిసారి. క్లాసులో యాస గురించి, ఆఫీసుల్లో వీసా గురించి ఎప్పుడూ జాగ్రత్తగా ఉండే మనిషిని ఆ కాసేపు ఎవరూ ఏమీ అడగలేదు.

అంటే నా అభిమానం ఒంటరితనంలో పుట్టింది. ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. చాలామంది అభిమానం అలాగే పుడుతుందని ఇప్పుడు నమ్ముతున్నాను.

అయితే ఆ సాయంత్రం నాకు దానంతటదే దొరకలేదు. దాని వెనక చాలా ఏళ్ళ పని ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్‌లో పుట్టిన రేణు ఖటోర్ 2008లో ఆ విశ్వవిద్యాలయ అధిపతిగా వచ్చారు. పరిశోధనను పెంచారు, క్యాంపస్‌లోనే విద్యార్థులు ఉండేలా హాస్టళ్ళు కట్టించారు, ఆటలనూ దానితోపాటే ముందుకు తీసుకెళ్ళారు. 2012లో విద్యార్థులే ఓటు వేసి, కొత్త ఫుట్‌బాల్ స్టేడియం కోసం తమ ఫీజు పెంచుకోవడానికి ఒప్పుకున్నారు. అది 2014లో తెరుచుకుంది. అదే ఏడాది బాస్కెట్‌బాల్ కోచ్‌గా కెల్విన్ శాంప్సన్ వచ్చారు. 2018 డిసెంబర్‌లో పాత హాఫ్‌హైంజ్ స్థానంలో ఫెర్టిటా సెంటర్ తెరిచారు. అందులో నాకు నచ్చిన విషయం, సీట్లను పెంచకపోవడం. పాతదానికంటే తగ్గించి 7,100 దగ్గర ఆపారు. జనాన్ని కోర్టుకు దగ్గరగా కూర్చోబెట్టారు. సగం ఖాళీగా ఉండే పెద్ద హాలు కంటే నిండిన చిన్న హాలే మనిషిని మళ్ళీ రప్పిస్తుందని వాళ్ళకు తెలుసు. శుక్రవారాలు ఎరుపు వేసుకోమన్న పిలుపు కూడా అలాంటిదే. పని మీద డౌన్‌టౌన్‌కు వెళ్ళినవాడు కూడా మెట్రో రైల్లో ఇంకో ఎర్ర చొక్కాను చూసి తల ఊపుతాడు.

ఇక్కడే నాకు అనుమానం వచ్చింది. ఇదంతా ఎవరో లెక్క వేసి నాలో కలిగించిన భావమైతే అది నాదెలా అవుతుంది? చాలాకాలం ఆలోచించాక మా ఊరి జాతర గుర్తొచ్చింది. చందాలు ఎవరో వసూలు చేస్తారు, పందిరి ఎవరో వేస్తారు, మైకు ఎవరో కడతారు. అంతమాత్రాన బోనమెత్తిన ఆడమనిషి భక్తి అబద్ధం కాదు. ఏర్పాటు వాళ్ళది, మనసు పెట్టడం మనది.

రెండో అనుమానం అంత సులువుగా తీరలేదు. అది డబ్బుది. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాల క్రీడావిభాగాలు తమ ఖర్చు తాము సంపాదించుకోలేవు, హ్యూస్టన్ కూడా ఏళ్ళ తరబడి విద్యార్థుల ఫీజుల మీదా, విశ్వవిద్యాలయం నిధుల మీదా ఆధారపడింది. అప్పు చేసి చదివే పిల్ల, సాయంత్రం షిఫ్టు వల్ల ఒక్క మ్యాచ్ కూడా చూడలేని పిల్ల, ఆ ఫీజు కడుతుంది. కోచ్ జీతం ముందు ప్రొఫెసర్ జీతం ఏ మూలకూ రాదు. 2021 వరకు ఆటగాళ్ళకు తమ పేరు మీద సంపాదించుకునే హక్కే లేదు. నేను చప్పట్లు కొట్టిన కుర్రాళ్ళలో కొందరు నాకంటే బీద ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. ఈ అనుమానానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అభిమానం ఈ లెక్కలు అడగడం మానేస్తే అది గుడ్డిదవుతుందన్నదొక్కటే నాకు తెలుసు. అందుకే ప్రేమిస్తూనే అడుగుతున్నాను.

మూడోది స్వార్థం. జట్టు పేరు పెరిగాక నా పట్టా విలువ పెరిగింది. ఇంటర్వ్యూల్లో నా రెజ్యూమె చూసినవాళ్ళు ముందు బాస్కెట్‌బాల్ గురించే మాట్లాడేవారు, తర్వాతి మాటలు తేలికయ్యేవి. 2023లో బిగ్ 12లో చేరి, మొదటి సీజన్‌లోనే అగ్రస్థానంలో నిలిచినప్పుడు నా సంతోషంలో ఈ లాభం పాలు ఎంతో కొంత ఉంది.

అది ఎంతో 2025 ఏప్రిల్‌లో తెలిసింది. శాన్ ఆంటోనియోలో ఎన్‌సీఏఏ సెమీఫైనల్. రెండో సగంలో ఒక దశలో డ్యూక్ 14 పాయింట్ల ముందుంది. చివరి నిమిషంలో మావాళ్ళు తిప్పేసి 70-67తో గెలిచారు. ఫైనల్లో ఫ్లోరిడా మీద రెండో సగంలో 12 పాయింట్ల ఆధిక్యం దాకా వెళ్ళి, 65-63తో ఓడిపోయారు. చివరి బంతిని బుట్ట వైపు వేసే అవకాశం కూడా చిక్కలేదు. అప్పుడు ఇండియాలో పొద్దున. నాన్న ఫోన్ చేశారు.

"ఏమైందిరా, గొంతు అట్లుంది?"

"మ్యాచ్ ఓడిపోయినం నాన్నా."

"ఏ మ్యాచ్‌రా?"

"మా యూనివర్సిటీది."

"సదువు అయిపోయి ఇన్నేండ్లాయె గదరా!"

ఆయన మాట నిజమే. ఆ ఓటమి వల్ల నా పట్టా విలువ వీసమెత్తు తగ్గలేదు. ఫైనల్ ఆడిన పేరు వల్ల పెరిగే ఉంటుంది. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లాభం కోసమే అయితే ఆ బాధ ఉండేది కాదు. నాలో స్వార్థం ఉంది, కానీ దాని కింద ఇంకోటి పెరిగిందని నాకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత నా ఆలోచన హైదరాబాద్ వైపు తిరిగింది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని చూసి గర్వపడనివాళ్ళు మా వైపు లేరు. కానీ ఆ విశ్వవిద్యాలయంలో చదివి ఫుట్‌బాల్ ఆడిన సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు తెచ్చిపెట్టాడనీ, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేర్చాడనీ మనలో చాలామందికి 2024లో ఆయన మీద సినిమా వచ్చాకే తెలిసింది. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2020 జనవరిలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో పరుగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు కంటే అది మెరుగు. అక్కడ డోప్ పరీక్ష జరగలేదని ఆ పరుగును లెక్కలోకి తీసుకోలేదు. మనం విశ్వవిద్యాలయ క్రీడలను ఎంత పట్టించుకుంటామో చెప్పడానికి అదొక్కటి చాలు. మన దగ్గర ప్రతిభకు లోటు లేదు, మైదానాలు కూడా ఉన్నాయి. గట్టు మీద కూర్చుని చూసే అలవాటే లేదు.

ఇంతకీ 'మనం గెలిచాం' అనే హక్కు నాకెక్కడిది? పట్టా ఇవ్వలేదు, పుట్టుక ఇవ్వలేదు. వెళ్ళి కూర్చున్న సాయంత్రాలు ఇచ్చాయి. చేరదగినంత గొప్పది అయ్యాక ప్రేమిద్దాం అనుకుంటే ఏ నగరంలోని విశ్వవిద్యాలయమూ ఎవరికీ సొంతం కాదు. కాసేపు ఆగినవాడికే అది సొంతమవుతుంది.

అందుకే వైస్ ఛాన్సలర్లకు, ప్రిన్సిపాళ్ళకు నా విన్నపం ఒకటే: మీ జట్టు ఆడే రోజూ, చోటూ నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి, ఆ మధ్యాహ్నం ల్యాబ్ పెట్టకండి. విద్యార్థులారా, ఈ సెమిస్టర్‌లో మీ కాలేజీ ఆడే కబడ్డీకో, వాలీబాల్‌కో ఒక్కసారి వెళ్ళి కూర్చోండి. గెలుస్తారా ఓడతారా అని చూడకండి. మీవాళ్ళు ఆడుతున్నారు, వెళ్ళండి.