చూడని పత్రానికి సంజాయిషీ: సహకార సంఘ విచారణలో ఉద్యోగి పత్రపరిశీలన హక్కు – నైతిక విచారం

ఉపోద్ఘాతం

గ్రామీణ ఆర్థిక జీవనంలో సహకార సంఘం విలక్షణమైన సంస్థ. అది ప్రభుత్వ కార్యాలయం కాదు, ఒక వ్యక్తి సొంత వ్యాపారమూ కాదు. 1904 నాటి సహకార పరపతి సంఘాల చట్టంతో భారతదేశంలో చట్టబద్ధ రూపం పొందిన ఈ వ్యవస్థకు తెలుగు నేలపై 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం ప్రధానమైన ఆధారం. వాటాధనం సభ్యులది, పొదుపు సభ్యులది, అప్పూ సభ్యులదే. ఆ లెక్కలు రాసేది మాత్రం జీతానికి పనిచేసే కార్యదర్శి లేదా గుమాస్తా. లెక్కలో తేడా కనిపించినప్పుడు తొలి అనుమానం ఆ లెక్క రాసిన చేతిపైనే పడుతుంది.

అభియోగం వచ్చిన మరుక్షణమే ఒక విచిత్రస్థితి ఏర్పడుతుంది. సస్పెన్షన్ ఉత్తర్వు అందుకున్న ఉద్యోగి బీరువా తాళాలు అప్పగిస్తాడు. ఏళ్ల తరబడి తన చేత్తో రాసిన చిట్టా, ఆవర్జా, నగదు పుస్తకం, స్టాకు రిజిస్టరు ఒక్కరోజులో అతనికి పరాయివైపోతాయి. అభియోగపత్రం వాటి ఆధారంగానే తయారవుతుంది. సంజాయిషీ మాత్రం అవి లేకుండానే, గడువులోగా ఇవ్వాలి. చూడనివ్వని పత్రానికి సమాధానం చెప్పమనడం న్యాయమేనా? పత్రం చూపినా నిర్ణయం మారదని తెలిసినప్పుడు కూడా చూపకపోవడం తప్పేనా? ఈ రెండు ప్రశ్నల పరిశీలనే ఈ వ్యాస లక్ష్యం.

సంజాయిషీ, ఉత్తరం

కార్యాలయ తెలుగులో స్థిరపడిన ‘సంజాయిషీ’ అనే మాటకు హిందుస్తానీ మూలంలో ‘అర్థమయ్యేలా చెప్పడం’ అని భావం. ఒక విషయాన్ని ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పాలంటే చెప్పేవారికి అది ముందుగా అర్థమై ఉండాలి. తెలియనిదానికి సంజాయిషీ ఉండదు. ఊహ మాత్రమే ఉంటుంది. నిత్యవ్యవహారంలో కేవలం లాంఛనంగా మారిన ఈ పదం తనలోనే ఒక నైతిక షరతును దాచుకొని ఉంది.

ఈ షరతు భారతీయ వ్యవహార శాస్త్రానికి కొత్త కాదు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్యను ఆధారం చేసుకొని 13వ శతాబ్దిలో కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయం రచించాడు. ధర్మశాస్త్ర విషయం తెలుగులోకి రావడంలో ఆ గ్రంథానికి ఉన్న స్థానం సుప్రసిద్ధం. ఈ సంప్రదాయం వివాదానికి నాలుగు పాదాలు చెప్పింది: భాష, ఉత్తరం, క్రియ, సాధ్యసిద్ధి. అంటే అభియోగం, సమాధానం, నిరూపణ, నిర్ణయం. వాది చెప్పిన అభియోగాన్ని ప్రతివాది ఎదుటనే రాయాలనీ, విషయం విన్నవాని సమాధానాన్ని వాది సన్నిధిలో రాయాలనీ యాజ్ఞవల్క్యుడు విధించాడు. ఇక్కడ సమాధానం చెప్పేవాడికి ‘విషయం విన్నవాడు’ అనే విశేషణం చేర్చడం గమనార్హం. వినడం ఉత్తరానికి అర్హత. నాటి సమాజంలో వర్ణాన్ని బట్టి న్యాయం మారిందన్న విమర్శ ఈ స్మృతికీ వర్తిస్తుంది. అయినా అభియోగం చాటుగా సాగకూడదన్న విధి విలువ ఆ విమర్శ వల్ల తగ్గదు.

భారం ఒకరిది, ఆధారం మరొకరిది

ఈ సంప్రదాయమే ఉత్తరాన్ని నాలుగు విధాలుగా విభజించింది. నేరం ఒప్పుకోవడం సత్యోత్తరం. కాదనడం మిథ్యోత్తరం. జరిగింది నిజమే కానీ దానికి కారణం ఉందనడం ప్రత్యవస్కందనం. ఇదే వివాదం ఇంతకుముందు తీరిపోయిందనడం పూర్వన్యాయం. మిథ్యోత్తరం చెప్పినప్పుడు నిరూపణ భారం వాదిది. ప్రత్యవస్కందనంలో ఆ భారం ప్రతివాదికి మారుతుంది.

సహకార సంఘ విచారణలోని అసలు చిక్కు ఈ విభజన వెలుగులో స్పష్టమవుతుంది. ఒక ఊహాత్మక సందర్భాన్ని తీసుకోవచ్చు. ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘంలో యాభై బస్తాల యూరియా నిల్వలో తక్కువగా తేలింది. అమ్మిన డబ్బు నగదు పుస్తకంలో లేదు. కార్యదర్శి చెప్పేది ఇది: ‘బస్తాలు ఇచ్చిన మాట నిజం. అదునులో రైతులకు అరువుగా ఇమ్మని అధ్యక్షులవారు నోటిమాటగా చెప్పారు. తరువాతి పాలకవర్గ సమావేశంలో దానికి తీర్మానం చేశారు.’ ఇది మిథ్యోత్తరం కాదు, ప్రత్యవస్కందనం. దీన్ని నిరూపించాల్సింది ఉద్యోగే. నిరూపించే తీర్మానాల పుస్తకం మాత్రం సంఘం బీరువాలో ఉంది. ఆ తీర్మానం చేసినవారిలో కొందరు అతనిపై విచారణకు ఆదేశించిన పాలకవర్గ సభ్యులే కావచ్చు.

‘నేను తీయలేదు’ అనడానికి కాగితాలు అక్కరలేదు. ‘ఇచ్చాను, ఇందుకు ఇచ్చాను’ అనడానికి కావాలి. పత్రాలు దాచే విచారణలో అబద్ధమాడేవాడు పెద్దగా నష్టపోడు. జరిగింది ఒప్పుకొని కారణం చెప్పే నిజాయితీపరుడు నష్టపోతాడు. పైకి అందరికీ సమానంగా కనిపించే నిరాకరణ సత్యం చెప్పేవాడిపైనే ఎక్కువ బరువు మోపుతుంది. ఇది కేవలం విధానలోపం కాదు, నైతిక లోపం.

న్యాయస్థానాల దృష్టి

క్రమశిక్షణా విచారణల విషయంలో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను పలుమార్లు ఎదుర్కొంది. 1986 నాటి కాశీనాథ్ దీక్షిత కేసులో పదుల కొద్దీ సాక్షులు, వందకు పైగా పత్రాలు ఉన్నప్పుడు నకళ్లు ఇవ్వకపోవడం సహేతుకమైన అవకాశాన్ని నిరాకరించడమేనని తేల్చింది. పత్రాన్ని ఒకసారి చూడనివ్వడం, దాన్ని దగ్గర ఉంచుకొని సమాధానం సిద్ధం చేసుకోనివ్వడం ఒకటి కావని ఆ తీర్పు వల్ల బోధపడుతుంది. హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ పక్షంగా ఉన్న కరుణాకర్ కేసులో 1993లో రాజ్యాంగ ధర్మాసనం, శిక్షను నిర్ణయించే ముందు విచారణ నివేదిక ప్రతిని ఉద్యోగికి ఇవ్వాలని చెప్పింది. ప్రభుత్వ, ప్రైవేటు భేదం లేకుండా అన్ని సంస్థలకూ ఈ సూత్రం వర్తిస్తుందని పేర్కొన్నది. అందువల్ల ‘మాది సహకార సంఘం’ అన్న సాకు చెల్లదు.

అదే తీర్పు మరో మాట కూడా చెప్పింది. నివేదిక ఇవ్వనంత మాత్రాన శిక్ష దానంతట అదే రద్దు కాదు. ఇవ్వకపోవడం వల్ల ఉద్యోగికి హాని కలిగిందా అన్నది చూడాలి. 1996 నాటి పెరుమాళ్ కేసులో, అడిగిన ప్రతి పత్రమూ ఇవ్వనవసరం లేదనీ, దాని ప్రాసంగికతను ఉద్యోగి చూపాలనీ కోర్టు అభిప్రాయపడింది. వీటిని ఆధారం చేసుకొని కొన్ని సంస్థలు ‘హాని చూపితే అప్పుడు ఇస్తాం’ అనే స్థితికి వస్తాయి. ఇక్కడ రెండు ప్రశ్నలు కలగలిసిపోతున్నాయి. తప్పు జరిగిందా అన్నది ఒకటి. జరిగిన తప్పుకు పరిహారం ఎంత అన్నది మరొకటి. హాని పరీక్ష రెండో ప్రశ్నకు సంబంధించినది. విచారణ ముగిశాక న్యాయమూర్తి వెనుదిరిగి చూస్తూ వేసుకొనే ఆ ప్రశ్నను, విచారణ సాగుతుండగా విచారణాధికారి తనకు లభించిన అనుమతిగా భావించరాదు.

ప్రతివాదాలు

పత్రాలు ఇవ్వరాదనే పక్షానికీ బలమైన కారణాలున్నాయి. మొదటిది, అసలు పత్రాలను దిద్దే ప్రమాదం. రెండోది, ఇతర సభ్యుల డిపాజిట్లు, అప్పుల వివరాల గోప్యత. మూడోది, అవసరం లేని పత్రాలు అడుగుతూ విచారణను సాగదీయడం. సంఘం సొమ్ము పేద రైతుల సొమ్ము కనుక ఆలస్యం కూడా అన్యాయమే. ఈ మూడూ నిజమైన భయాలే. అయితే అవి పత్రం అప్పగించడానికి అడ్డు చెబుతాయి కానీ చూపడానికి కాదు. అసలును విచారణాధికారి వద్ద ఉంచి అతని సమక్షంలో చూపవచ్చు. ధ్రువీకరించిన నకలు ఇవ్వవచ్చు. సంబంధం లేని ఖాతాదారుల పేర్లు కప్పివేయవచ్చు. పరిశీలనకు గడువు విధించవచ్చు. ఏ పత్రమైనా ఇవ్వలేకపోతే కారణం రాతపూర్వకంగా చెప్పవచ్చు, ఆ పత్రంపై అభియోగాన్ని ఆధారపరచకుండా ఉండవచ్చు.

సమాచార హక్కు చట్టం ఉందిగదా అన్న వాదన కూడా పూర్తి సమాధానం కాదు. 2013లో కేరళకు చెందిన తలప్పాళం సర్వీసు సహకార బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం గణనీయంగా నిధులు సమకూర్చని సహకార సంఘం ఆ చట్టం కింద ప్రజాధికార సంస్థ కాదని నిర్ణయించింది. రిజిస్ట్రారు చట్టప్రకారం సంఘం నుంచి పొందగల సమాచారాన్ని అతని ద్వారా కోరవచ్చన్నది. ఆ దారి ఉన్నది, కానీ చుట్టుదారి. పైగా పౌరుడిగా సమాచారం కోరడం వేరు, అభియుక్తుడిగా తనపై మోపిన ఆధారాన్ని చూడడం వేరు. రెండోది ఎవరి దయమీదా, ఏ ఇతర చట్టం మీదా ఆధారపడకూడని హక్కు.

ముగింపు

‘అతడు తిన్నాడని అందరికీ తెలుసు, ఇక చూపడమెందుకు’ అన్న మాట ఊళ్లో సులభంగా వినిపిస్తుంది. అపరాధం విచారణ చివర తేలవలసిన సాధ్యం. దాన్నే హేతువుగా తీసుకొంటే విచారణకు అర్థం ఉండదు. నిజంగా అపరాధి అయినవాడి విషయంలోనూ, ఆధారం చూపి విధించిన దండన అతన్ని సమాధానం చెప్పగల మనిషిగా గుర్తిస్తుంది. చూపకుండా విధించినది తొలగించవలసిన అడ్డుగా మాత్రమే చూస్తుంది.

ఈ హక్కు ఉద్యోగి ఒక్కడిదే కాదు. చూపని తీర్మానాల పుస్తకం కార్యదర్శిని ఇంటికి పంపుతుంది, నోటిమాటగా ఆదేశించినవారిని పదవిలో ఉంచుతుంది. 1964 చట్టం 60వ సెక్షన్ సంఘానికి జరిగిన నష్టాన్ని బాధ్యులైనవారి నుంచి రాబట్టే వీలు కల్పిస్తున్నది. బాధ్యులెవరో పత్రాలు తెరిస్తేనే తెలుస్తుంది. ఉద్యోగికి మూసిన బీరువా సభ్యులకూ మూసినదే. ఆ పుస్తకాలు సభ్యులవి. వాటిని మూసే అధికారం, విచారణ పేరుతోనైనా, వారి తరపున పనిచేసేవారికి లేదు.